మూడుసార్లు చూసే మనిషి

ఫిబ్రవరి 9, ఆదివారం

బేస్ గిటారు కొన్నాను. పాతదే. నల్ల రంగు అక్కడక్కడా లేచిపోయి లోపలి చెక్క కనిపిస్తోంది. నాలుగే తీగలు, కానీ ఒక్కోటీ పురికొసంత లావు. భుజానికి తగిలించుకుంటే ఎదిగిన పిల్లాణ్ణి చంకనెత్తుకున్నట్టుంది.

పగతో కొనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఏదో ఒక విద్య నేర్చుకుందామనిపించింది. అంతే.

గుమ్మంలో అత్తయ్య ఎదురైంది. నా వీపు మీది నల్ల సంచిని ఎగాదిగా చూసి, "ఏమిటే ఆ మూట? ఎవర్నైనా చంపి తెచ్చావా?" అంది.

"ఇంకా లేదత్తయ్యా" అన్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ల్యాబులో ఇవాళ పింగాణి కూనిరాగం తీశాడు. కట్టుడు పళ్ళకు పింగాణి పూత వేసేది అతనే కాబట్టి అందరం అతన్ని అలాగే పిలుస్తాం. సన్నటి బ్రష్షుతో ఎవరిదో ముందుపన్నుకు రంగు దిద్దుతూ, తల ఊపుతూ, "తాళం వేసిందా? మూడుసార్లు!" అన్నాడు. ఎదురు బల్ల మీద మైనంతో చిగుళ్ళు చెక్కుతున్న నేను తలెత్తాను. అతను నాలిక కరుచుకున్నాడు. మిగతా ఇద్దరూ కిటికీ బయట ఏదో వింత జరుగుతున్నట్టు అటు తిరిగారు.

అంటే అందరికీ తెలుసన్నమాట.

ఆ పాట మహానుభావుడిది. పేరు రాయను, నా కాగితం, నా సిరా. కట్టుకున్నన్నాళ్ళూ ఆయన పంక్ బ్యాండులో గొంతు చించుకోవడమే తప్ప ఒక్క పాటైనా ఎవరి నోటా పలకలేదు. నన్ను వదిలేసి వెళ్ళాక పలికింది. పాటంతా కలిపి నాలుగు ముక్కలు:

తాళం వేసిందా? మూడుసార్లు!
కుళాయి కట్టిందా? మూడుసార్లు!
గ్యాసు కట్టిందా? మూడుసార్లు!
ముద్దు పెట్టిందా? ఒక్కసారీ లేదు!

ఆయన అడుగుతాడట, జనం పిడికిళ్ళెత్తి జవాబు చెబుతారట. నా తాళం. నా కుళాయి. నా పొయ్యి. అవును, చూస్తాను. వెనక్కి వచ్చి మళ్ళీ చూస్తాను, వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చి ఇంకోసారి చూస్తాను. ఎందుకు చూస్తానో ఆ అరిచేవాళ్ళలో ఒక్కడికైనా తెలుసా? అడిగేవాడికి తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.

ఆఖరి ముక్క పచ్చి అబద్ధం. అది మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ఫిబ్రవరి 15, శనివారం

స్వరాలు చదవడం రాకపోయినా ఫరవాలేదట. ట్యాబు అని ఒకటుంటుంది. నాలుగు అడ్డగీతలు, ఒక్కో గీతా ఒక్కో తీగ. గీత మీద అంకె ఉంటే తీగను ఆ మెట్టు దగ్గర నొక్కి మీటాలి. సున్నా ఉంటే నొక్కకుండా మీటాలి. ఇంతేనా, కట్టుడు పన్ను కంటే సులువే అనుకున్నాను.

పొద్దుట్నుంచీ వాయించాను. పాట కాదు కదా, పాట పక్కింట్లో ఉన్నట్టు కూడా లేదు. విసుగొచ్చి పడేశాక తెలిసింది: కాగితం మీద అన్నిటికన్నా కింద ఉన్న గీతే లావు తీగ. గిటారు ఒళ్ళో పెట్టుకుంటే లావు తీగ పైనుంటుంది. అంటే పూటంతా తలకిందులుగా వాయించాను.

సరిచేసుకుని మళ్ళీ మొదలుపెడితే అత్తయ్య వంటింట్లోంచి, "ఇందాకటిదే నయం" అంది.

కొడుకు వెళ్ళాడు, అత్తయ్య మిగిలింది. ఆయన తీసుకున్న గది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఆవిడ మోకాళ్ళకు మెట్లు పడవు. అందుకని ఇక్కడే ఉంది. ఇంకే కారణమూ లేదు. ఎందుకున్నారని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇద్దరికీ అలా బాగానే ఉంది.

ఫిబ్రవరి 20

వేలి కొసలు పచ్చి పుళ్ళు. ఇవాళ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి అరిచాను. ఆయన్ని తలుచుకుని అరిచాను, కొంచెం హాయిగా అనిపించింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆ పాటకు ట్యాబు దొరికింది. వాళ్ళ బ్యాండులో బేస్ వాయించేవాడే పెట్టాడు. కింద "ఎవరైనా వాయించుకోవచ్చు" అని రాశాడు. అదీ వాళ్ళ సిద్ధాంతం, సంగీతం అందరి సొత్తు అని. సరే, నాకూ సొత్తే.

అంకెలు చూస్తే నవ్వొచ్చింది. ఐదు ఐదు ఐదు ఐదు, వరసంతా ఐదులే. తర్వాత వరసంతా మూడులే. తర్వాత సున్నాలు. చిన్నపిల్లలు పలక మీద దిద్దినట్టుంది. కానీ ఆ వేగంలో, పిక్కుతో, అంటే తీగ మీటే బిళ్ళతో, ప్రతి దెబ్బా పైనుంచి కిందికే కొట్టాలి, ఒక్కటీ తప్పకూడదు. పాట సగానికి వచ్చేసరికి మణికట్టు రాయైపోతుంది. వదిలిన తీగ మోగుతూ ఉండిపోతుంది, దాన్ని అరచేతి అంచుతో నొక్కి నోరు మూయించాలి. ట్యాబులో ఎక్కడ నొక్కాలో ఉంటుంది కానీ ఎంతసేపు ఆగాలో ఉండదు. దానికి పాట వినాల్సిందే.

కాబట్టి విన్నాను. ఆయన గొంతు చెవిలో పెట్టుకుని నా మీది వెక్కిరింతను పదేపదే విన్నాను. మొదట రెండుసార్లు మధ్యలోనే ఆపేశాను. తర్వాత మాటలు పోయి దెబ్బలు మాత్రం మిగిలాయి. చీకటి పడే వేళకు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించాను.

నన్ను తిట్టిన పాట నా చేతిలో బాగుంది. దీనికి కూడా ఆయన్నే తిట్టాలి.

మార్చి 2, ఆదివారం

నిన్న ల్యాబులో పింగాణి నా బల్ల దగ్గరికొచ్చి చేతులు నలుపుకున్నాడు.

"అక్కా, ఆ రోజు పొరపాటైపోయింది. ఆ పాట మీ గురించని నాకు నిజంగా తెలీదు."

"తెలియకపోతే నాలిక ఎందుకు కరుచుకున్నావు?"

"తెలుసుననుకోండి" అన్నాడు దిగాలుగా. "కానీ దరువు బాగుంటుందక్కా, అదే వచ్చేస్తుంది నోట్లోకి."

తనకు గిటారు ఉందట. ఏపాటి వచ్చునని అడిగితే, "రెండు వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలుసు. పంక్‌కి మూడో వేలు అక్కర్లేదక్కా" అన్నాడు. మనిషి పనికొస్తాడు.

డ్రమ్ములకు ఎదురింటి డ్రైవరక్క. స్కూలు బస్సు నడుపుతుంది, సిగ్నల్ దగ్గర స్టీరింగు మీద వాయిస్తుంటే ఎన్నిసార్లో చూశాను. చిన్నప్పుడు కవాతు బృందంలో డ్రమ్ము కొట్టిందట. అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రోజూ పొద్దున్నే నలభై మంది పిల్లల గోల వింటాను చెల్లీ. ఇప్పుడు నా గోల ఎవడో ఒకడు వినాలి."

ఊళ్ళో పంక్ బ్యాండులన్నీ వాయించేది ఫర్నిచర్ గోదాము వెనక పాత బ్యాడ్మింటన్ హాల్లో. నెలాఖరు ఆదివారం, మధ్యాహ్నం పూట. చుట్టుపక్కలవాళ్ళు గొడవ చేస్తారని పొద్దుండగానే ముగించేస్తారు. ముందుగా పేరిస్తే ఎవరికైనా మూడు పాటల అవకాశం ఇస్తారు. అందరికన్నా ఆఖర్న ఎక్కేది మహానుభావుడి బ్యాండు.

పేరిచ్చాను. రెండు పాటలు ఎవరివో పాతవి. మూడోది ఆయన పాట బాణీలోనే, మాటలు మాత్రం నావి. ఆయన హాల్లో, ఆయన జనం ముందు, ఆయన దరువు మీద.

ఇది పగ కాదు. జవాబు. పాటలో ప్రశ్నలు అడిగింది ఆయనే కదా.

మార్చి 6

ఇవాళ తాళం నాలుగోసారి కూడా చూశాను. పాట పాతబడింది.

మార్చి 9, ఆదివారం

స్కూలు బస్సుల షెడ్డులో మొదటి సాధన. డీజిలు వాసన, రేకుల కప్పు. డ్రైవరక్క మొదటి దెబ్బ కొట్టగానే కప్పు మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. పింగాణి భయపడి పాట మధ్యలో మొదలుపెట్టాడు. నేను ఒక తీగ కిందికి జారిపోయి అక్కడే తిరిగాను. ముగ్గురం మూడు చోట్ల ముగించాం. డ్రైవరక్క కర్రలు దించి, "బస్సు ముగ్గురు నడిపితే ఇట్లాగే ఉంటుంది" అంది. ఆ తర్వాత ఆవిడ వైపే చూస్తూ వాయించాం. కుదిరింది.

నా మాటలు వినిపించాను. ఆయన బట్టతల దాచుకునే టోపీ, పక్క గదిలోకి వినిపించే గురక, అద్దం ముందు పిడికిలెత్తి చేసుకునే అభ్యాసం. పింగాణి పడీపడీ నవ్వాడు. డ్రైవరక్క నవ్వలేదు.

"ఇది తిట్టులా లేదు చెల్లీ. నువ్వింకా ఆయన తల దువ్వుతున్నట్టుంది."

ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి ఆ కాగితం చింపేశాను. అయితే అసలు సంగతే రాస్తాను. గ్యాసు సంగతి.

ఆరేళ్ళ కిందట. నేను సాయంత్రం కూరగాయలకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మెట్ల మీదే వాసన. వంటింట్లో పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. లోపలి గదిలో అత్తయ్య మంచం మీద. పొయ్యి కట్టేసి, తలుపులన్నీ తెరిచి, ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. తెలియలేదు. మళ్ళీ చూశాను. మళ్ళీ. అప్పుడు సన్నగా తగిలింది. ఆయన డాబా మీంచి ఫోను చెవిన పెట్టుకుని దిగొచ్చాడు. మొదట అన్న మాట: "పాలు పెట్టి మర్చిపోయి వెళ్ళావా?"

నాకు పెట్టినట్టు గుర్తులేదు. పెట్టనట్టు కూడా గుర్తులేదు. అందరూ అన్నాక పెట్టినట్టే గుర్తొచ్చింది.

అప్పట్నుంచీ చూస్తున్నాను.

అది తెలిసిన మనిషి దాని మీద పాట కట్టాడు. రాస్తాను. "ఒక్కసారి మరిచాను, వెయ్యిసార్లు చూస్తాను, నీలా నవ్వడం నాకు రాదు." ఇది పడుతుంది. ఇది విన్నాక ఆయన మొహం ఎలా ఉంటుందో ముందు వరసలో ఉన్నవాళ్ళంతా చూడాలి.

మార్చి 16, ఆదివారం

 

పొద్దున ఇంట్లో ముందు గదిలో కూర్చుని, కరెంటు పెట్టకుండా మెల్లిగా వాయించుకుంటూ పాడుతున్నాను. అత్తయ్య తలుపు దగ్గర బట్టలు మడతపెడుతోంది. "ఒక్కసారి మరిచాను" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది.

"ఆ ముక్క తీసెయ్" అంది.

"ఎందుకత్తయ్యా? మీ అబ్బాయిని ఏమీ అనలేదే అందులో."

"అందుకే తీసెయ్. అది అబద్ధం."

నేను వాయించడం ఆపలేదు. వేళ్ళు వాటంతటవి నడుస్తున్నాయి, ఐదు ఐదు ఐదు ఐదు.

"పాలు పెట్టింది నువ్వు కాదు. వాడు. టీ పెట్టుకుంటానని పెట్టాడు, ఫోనొస్తే డాబా మీదికి పోయాడు. మంచం మీంచి నాకు పొయ్యి కనబడుతుందిగా. వాడు వెలిగించడం చూసే కళ్ళు మూసుకున్నాను."

ఇప్పుడు ఆగాను.

"మీరు చూశారు."

"చూశాను."

"ఆరేళ్ళు."

"ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి వాడు నా కాళ్ళు పట్టుకున్నాడే. చెప్పకమ్మా, అది నన్ను బతకనివ్వదు అన్నాడు. ఇవాళ కాకపోతే రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపటికి ఇంకా కష్టమైంది. ఎల్లుండికి ఇంకా."

దుప్పటి మడత పూర్తి చేసి బీరువాలో పెట్టింది. బట్టలన్నీ పెట్టింది. 

ఆవిడ ఇక్కడే ఉన్నది మూడో అంతస్తని, మోకాళ్ళని అనుకున్నాను.

మార్చి 17

నేను కాదు.

మార్చి 18

నేను కాదు.

మార్చి 20, గురువారం

ఆవిడతో మాట్లాడటం లేదు. ఆవిడ వండుతోంది, నేను తింటున్నాను. నేను వండుతున్నాను, ఆవిడ తింటోంది. గిన్నెలు మాత్రం బాగా మాట్లాడుకుంటున్నాయి.

తాళం ఇప్పటికీ చూస్తున్నాను. నేను కాదని తెలిశాక కూడా కాళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి. ఇది అన్నిటికన్నా ఎక్కువ మండుతోంది. నేరం వాళ్ళది, అలవాటు నాకు.

పాట తిరగరాశాను. ఒక్క పూటలో వచ్చేసింది.

ఎందుకు చూస్తానో అడిగావా?
నువ్వు వెలిగించి పోయిన ఇంట్లో
మీ అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి
ఊపిరుందో లేదో చూశాను, మూడుసార్లు!

రెండో చరణం ఆవిడకు.

చూసిన కళ్ళూ మూసుకున్నాయి
చెప్పే నోరూ మూసుకుంది
ఆక్సిజన్ గొట్టం పెట్టింది ముక్కులో కదా
నోట్లో కాదు కదా!

ఇదీ తిట్టంటే. ఇందులో ఎవరి తలా దువ్వలేదు.

మార్చి 23, ఆదివారం

షెడ్డులో పాడాను. పింగాణి నవ్వలేదు. పాట అయ్యాక గిటారు తీగలు తుడుస్తూ కూర్చున్నాడు. డ్రైవరక్క మాత్రం అడిగింది.

"పెద్దావిడ వస్తుందా ఆ రోజు?"

"పిలవలేదు."

"ఆవిడ మీద ఉన్న చరణం ఆవిడ లేకుండా పాడటం, బస్సెళ్ళాక చెయ్యి ఊపినట్టుంటుంది చెల్లీ."

"నా పగ నా ఇష్టం" అన్నాను. అనేశాక తెలిసింది, ఆ మాట వాడానని. పోనీ. ఇక్కడ కూడా రాసేస్తున్నాను. పగే.

మార్చి 26

కల. ఆయన హాల్లో ఒంటరిగా నిలబడి ఉన్నాడు, జనమంతా ఆయన వైపు తిరిగి నా పాట పాడుతున్నారు. లేచాక చాలాసేపు ఆ కలలోనే కూర్చున్నాను. ల్యాబులో ఎవరిదో కింది దవడ పైదవడకు పెట్టాను.

మార్చి 31, సోమవారం

సెలవు పెట్టాను. నిన్నటి సంగతి వరసగా రాయాలి. రాయకపోతే నాకు కావలసినట్టు మార్చేసుకుంటాను.

హాల్లో వంద మంది దాకా ఉన్నారు. చెమట, తడిసిన చెప్పులు, గోడల మీద ఇంకా బ్యాడ్మింటన్ గీతలు. మహానుభావుడు పక్కవాకిలి దగ్గర తన వాళ్ళతో నవ్వుతున్నాడు. టోపీ ఉంది. నన్ను చూశాడు, నా వీపు మీది గిటారును చూశాడు, కనుబొమలెత్తాడు. అంతే. నేను ఊహించుకున్న మొహాల్లో అది లేదు.

డ్రైవరక్క డ్రమ్ములు తెచ్చిన వ్యానులోంచి అత్తయ్య దిగింది. చెవుల్లో దూది, చేతిలో చిన్న సంచి. నేను డ్రైవరక్క వైపు చూశాను. "దారిలో కనబడింది" అంది. మా ఇల్లు ఆవిడ ఇంటికి ఎదురు. దారి ఎక్కడిది?

ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అత్తయ్యను వేదిక ముందే కూర్చోబెట్టారు.

మొదటి పాటలో నా పిక్కు జారి పడిపోయింది. వేళ్ళతోనే లాగించాను. రెండోది పింగాణి మరీ ముందు మొదలుపెట్టాడు, డ్రైవరక్క కొట్టి కొట్టి మమ్మల్ని దారిలోకి తెచ్చింది. మూడోదానికి నేను మైకు దగ్గరికి జరిగాను. ఆ దరువు మొదలవగానే జనం గుర్తుపట్టి కేకలేశారు. ఆయన నవ్వు ఆగింది, అది చూశాను. నెల రోజులు వేళ్ళు చీల్చుకున్నది ఆ ఒక్క క్షణానికే. ఆయన కళ్ళలోకి చూస్తూ పాడాను. మొదటి చరణం ఆయనకు, రెండో చరణం కుర్చీలో ఉన్నావిడకు. గొంతు నరాలు తెగేలా పాడాను. వేలు తప్పలేదు. ఒక్క ఐదూ తప్పలేదు.

అయిపోయింది. జనం ఊగిపోయారు. చెమటతో తడిసిన ఒక కుర్రాడు వేదిక మీదికి వంగి, "ఏం పాడారో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అదిరిపోయింది!" అన్నాడు.

ఒక్క ముక్క అర్థం కాలేదు.

మైకు సరిగ్గా పెట్టలేదో, నేను మరీ దగ్గరగా అరిచానో, పింగాణి గిటారే మింగేసిందో. నా బేస్ బాగా వినిపించిందట. మాటలు మాత్రం పావురాల్లా పైకప్పులోకి లేచిపోయాయి. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు. నిజంగానే కొడుతున్నాడు. తన పాటను ఇంకో బ్యాండు వాయించిందని మురిసిపోతున్నాడు. భూమి నోరు తెరిస్తే దూకేసేదాన్ని.

నేను గోడకు ఆనుకుని గిటారును కౌగిలించుకుని నిలబడ్డాను. వాళ్ళు ఎక్కారు. రెండు మూడు పాటలయ్యాక ఆయన మైకు పట్టుకున్నాడు.

"ఇందాక మా పాట వాయించింది ఎవరో తెలుసా? మా ఇంటావిడే! మూడుసార్లు చూసే మనిషి ఆవిడే!" జనం గోల. "ఆగండి, ఇంకా ఉంది. ఇదిగో, మా అమ్మ కూడా వచ్చింది. అమ్మా, నువ్వు చెప్పు వీళ్ళకి. నీ కోడలు గ్యాసు ఎన్నిసార్లు చూస్తుంది?"

వంగి మైకును ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. వాయిద్యాలన్నీ ఆగి ఉన్నాయి. హాలంతా నవ్వుకు సిద్ధంగా ఉంది.

అత్తయ్య చెవిలోంచి దూది తీసి సంచిలో వేసుకుంది.

"ఆ రోజు పాలు పెట్టి పోయింది నువ్వురా. అది కాదు."

ఆ ముసలి గొంతు నాలుగు గోడలకూ తగిలింది. ప్రతి అక్షరం వినిపించింది.

"నన్ను చంపబోయింది నువ్వు, నోరు మూసుకుంది నేను. మూడుసార్లు చూస్తే తప్పేంట్రా? నువ్వు ఒక్కసారి చూసుంటే సరిపోయేది."

ఆయన మైకు వెనక్కి తీసుకోవడం మర్చిపోయాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత వెనక నుంచి ఎవడో "ఒక్కసారి!" అని అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆట అనుకున్నారో, అర్థమయ్యే అన్నారో తెలియదు. హాలంతా "ఒక్కసారి! ఒక్కసారి!" అంటూ నేలను తన్నింది. ఆయన నవ్వాలని చూశాడు. పళ్ళు కనబడ్డాయి, నవ్వు రాలేదు. పళ్ళ సంగతి నాకు తెలుసు. బేస్ వాయించేవాడి వైపు తిరిగి ఏదో అన్నాడు, వాళ్ళు ఇంకో పాట ఎత్తుకున్నారు. మూడుసార్ల పాట మాత్రం నిన్న వాళ్ళు పాడలేదు.

సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మకి ఇదంతా నువ్వే నేర్పావా?"

"నాకు నేర్చుకోవడమే వచ్చు. నేర్పడం రాదు."

ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఒక్కసారిగా వయసు మీద పడినట్టు కనిపించాడు. "సరేలే. ఆ పాట తీసేస్తాం. ఇక పాడం" అన్నాడు, నాకేదో వరమిస్తున్నట్టు.

"తీయకు. నువ్వు పాడాలి. ఊరూరా పాడాలి. గ్యాసు ముక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా, పాలు పెట్టింది ఎవరో గుర్తుచేసుకుని పాడాలి."

వ్యానులో అత్తయ్య, నేను పక్కపక్కన కూర్చున్నాం. 

ఏప్రిల్ 2, బుధవారం

ల్యాబులో పింగాణి నా కుర్చీ వెనక పూలబొకే పెట్టాడు. అందరూ నన్ను గెలిచినదాన్లా చూస్తున్నారు.

గెలవలేదు. గెలిచింది ఆవిడ. వేళ్ళు పగిలింది నాకు, నెల రోజులు కాగితాలు చింపింది నేను, తలకిందుల గీతలు చదివి కళ్ళు పోగొట్టుకుంది నేను. ఆవిడ కుర్చీలో కూర్చుని దూది తీసి నాలుగు మాటలంది. నా పగ నా చేతిలోంచి లాక్కుని తీర్చేసింది. పైగా దానికి నేను కృతజ్ఞత చూపాలేమో.

చూపను. ఆరేళ్ళ అప్పు ఒక్క మధ్యాహ్నంలో తీరిపోతుందా?

ఏప్రిల్ 4

ఆవిడ దగ్గుతోంది. ఆ హాల్లో పొగ వల్ల. మందు సీసా మంచం పక్కన పెట్టాను. 

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున రెండు కప్పుల కాఫీతో అత్తయ్య ముందు గదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కూర్చుంది. నేను తీగలు బిగిస్తున్నాను.

"నన్ను పంపించేస్తావా?" అంది.

"వెళ్ళాలనుందా?"

"లేదు."

"అయితే ఉండండి. కానీ నేను మిమ్మల్ని క్షమించలేదు."

"నేను అడిగానా?" అంది. కాఫీ ఊదుకుంటూ తాగింది. కప్పు కింద పెట్టి, "ఆ రోజు నువ్వేం పాడావే? చెవులు రిక్కించి మరీ విన్నాను. ఒక్క ముక్క పడలేదు చెవిన."

"అందులో మీ మీద కూడా ఉంది."

"ఉంటుందిలే. గోడవతల నుంచి సగం సగం వింటూనే ఉన్నాగా. మొత్తం పాడు."

పాడాను. కరెంటు లేకుండా, అరవకుండా, దెబ్బ దెబ్బకూ మాట విడమరిచి. వంద మందికి వినిపించని పాట ఒక్క మనిషికి వినిపించాను. రెండో చరణం దగ్గర గొంతు తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గనివ్వలేదు. ఆవిడ మొహం మీదే కళ్ళు పెట్టి పాడాను. ఆవిడా తిప్పుకోలేదు.

అయ్యాక ఖాళీ కప్పు పక్కకు జరిపింది.

"ముక్కులో కదా, నోట్లో కాదు కదా" అని మెల్లిగా తనలో తాను అనుకుంది. "బాగా తగిలించావే. ఇంతేనా నా మీద?"

"ఇంతే."

"చాలదు."

నేను ఆవిడ వైపు చూశాను.

"రెండో రోజు నువ్వు ఆస్పత్రికొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చావు. నన్ను క్షమించండత్తయ్యా అన్నావు. నేను నీ తల నిమిరి, పోనీలేవే, ఎవరికైనా జరుగుతుంది అన్నాను. అది రాయలేదేం?"

నాకు గుర్తుంది. ఆవిడ అరచేయి వెచ్చగా ఉండటం, నేను కృతజ్ఞతతో ఇంకా ఎక్కువ ఏడవటం, అన్నీ గుర్తున్నాయి. పాట రాస్తున్నప్పుడు కూడా గుర్తున్నాయి. అది తలుచుకుంటే కోపం కూడా రాదు, అంతకన్నా కిందికి పోతాను. అందుకే రాయలేదు.

"రాస్తే మీరు తట్టుకోలేరు" అన్నాను.

"తట్టుకోవడం నా పని. రాయడం నీ పని" అంది.

కాగితం తీశాను. ఆవిడ లేవలేదు. ఐదో మెట్టు మీద వేలు పెట్టి దరువు మొదలుపెట్టాను. మూడో చరణం మొదటి ముక్క ఆవిడే చెప్పింది. మెత్తగా ఉంది. కొట్టేసి, గట్టిగా రాశాను.